నేనడిగినా ఇవ్వకండి

జూన్ 18, మంగళవారం

ఆరోగ్య కేంద్రంలో నర్సు విజియమ్మ రాయమంది. ఏం రాయాలని అడిగితే, "ఏదైనా. ఏం తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు, ఎవరి మీద కోపమొచ్చింది" అంది. మొదటి రెండూ ఒక్క లైనులో అయిపోతాయి. మూడోదానికి ఈ నోటుబుక్కు చాలదు.

ఇవాళ అత్తయ్య మీద. పొద్దున్నే ఫోన్ చేసింది. "జూలై ఆరు, శనివారం, అందరం బ్రోమో వెళ్దాం. గెందిస్ అగ్నిపర్వతం చూస్తానని ఒకటే గోల. చల్లగా ఉంటుంది, కూర్చుని మాట్లాడుకోవచ్చు" అంది. ఏం మాట్లాడుకోవాలో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

గెందిస్ నా కూతురు. ఇది రాయవలసిన మాట కాదు. కానీ రాసి చూసుకుంటే బాగుంది. ఐదేళ్ళ నాలుగు నెలలు. ఫిబ్రవరిలో బాబు బాయు పుట్టాక దాన్ని ప్రొబొలింగో తీసుకెళ్ళారు, మా ఆయన దర్సోనో వాళ్ళక్క కుస్రిని వదిన ఇంటికి. ఒక్క నెలకి అన్నారు. ఇది నాలుగో నెల.

జూన్ 19

నిద్ర: మూడు గంటలు. అన్నం: తిన్నాను. దర్సోనో "చూద్దాం" అన్నాడు, నాలుగుసార్లు.

జూన్ 23, ఆదివారం

వీడియోలో మాట్లాడాం. గెందిస్ పచ్చ గళ్ళ గౌను, నెత్తిన టోపీతో కనిపించింది. పుట్టినరోజు కూడా కాదే అనుకున్నాను. చూస్తే అది బడి యూనిఫాం.

"సరిపోతుందో లేదో చూద్దామని వేశాను నింగ్" అంది వదిన. "జూలై పదిహేనో తారీకున బడి తెరుస్తారు. ఇంటికి నాలుగడుగులే."

ఎవరి ఇంటికి నాలుగడుగులు? మేముండే మలాంగ్ నుంచి అయితే బస్సులో మూడు గంటలు.

"ఫోన్‌లో ఎవరో చెప్పు బంగారం" అంది వదిన.

గెందిస్ ముక్కు ఫోన్‌కి ఆనించి చూసింది. "తమ్ముడి వాళ్ళమ్మ" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక దర్సోనో ఇంకా నవ్వుతున్నాడు. "భలే అంది కదా" అన్నాడు. ఆ పూట నేను వంట చెయ్యలేదు. ఇంట్లో ఉన్న నూడుల్స్ ఉడికించుకుని తిన్నాడు, నాకూ కాస్త పెట్టి తెచ్చాడు. అది తిన్నందుకు కూడా నాకు కోపంగానే ఉంది.

జూన్ 27

కాగితం సంగతి ఇవాళ బయటపడింది. కుటుంబ కార్డులో గెందిస్ పేరు మాదాంట్లోంచి తీసి, వదిన భర్త బాగ్యో అన్నయ్య కార్డులో కలపాలట. సంతకాలు కావాలట. అందుకే బ్రోమో.

"కాగితమే కదా, బడి కోసం" అన్నాడు దర్సోనో.

"బడికి బర్త్ సర్టిఫికెట్ చాలు. నేను టీచరుని, నాకు తెలీదా?"

"అక్కకి పెళ్ళయి పదకొండేళ్ళు. దాన్ని ఎంత బాగా చూసుకుంటోందో చూశావుగా."

"చూసుకుంటే ఇచ్చెయ్యాలా? నేను పక్కింటి పూలకుండీకి నీళ్ళు పోశాను, అది నాదైపోయిందా?"

"నువ్వే కదా…" అని ఆగిపోయాడు.

"నేనే కదా, ఏంటి? చెప్పు."

"ఏం లేదు. చూద్దాం."

నేనేం చేశానట? ప్రసవమయ్యాక ఒంట్లో బాగోలేదు. నిద్ర లేదు. ఆ మూడు వారాల సంగతి ఇక్కడ రాయక్కర్లేదు.

జూన్ 29

అత్తయ్య మళ్ళీ ఫోన్. పిల్లలు లేనివాళ్ళు ఒక పిల్లని తెచ్చి పెంచుకుంటే సొంత కడుపు పండుతుందని మా వాళ్ళ నమ్మకం. చేపకి ఎర వేసినట్టు. ఆ మాటే వాడింది. "ఎర అనుకోవే. తర్వాత నీ పిల్ల నీకు రాదూ?" అంది.

నా కూతురు వానపాము.

జూలై 1

ఏం చెప్పాలో రాసుకుంటున్నాను.

"వదినా, మీరు చేసిన సాయం జన్మలో మర్చిపోను, కానీ." కానీ తర్వాత ఏం రాసినా బాగోలేదు.

"వదినా, పిల్ల తల్లి దగ్గర ఉండడం." దీనికి ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు.

"నా పిల్లని నాకివ్వండి." ఇది పొట్టిగా ఉంది. ఇదే.

జూలై 5, శుక్రవారం, ప్రొబొలింగో

వచ్చాం. గెందిస్ వదిన గౌను వెనక దాక్కుంది. ఊడిపోతున్న పన్ను చూపిస్తావా అంటే నోరు తెరిచి చూపించి, వెంటనే మూసేసింది. ఏదో దుకాణంలో వస్తువు చూపించినట్టు.

పొడుగైంది. దాని జుట్టు రెండు జడలు వేసే పొడుగుంది. ఆ జడలు నేను వెయ్యలేదు.

అది వదిన పక్కన పడుకుంటానంది. నేను "సరే" అన్నాను. ఎందుకన్నాను?

జూలై 7, ఆదివారం, మలాంగ్

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. బాయు నిద్రపోయాడు. ఎంతవరకు రాయగలనో చూడాలి.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. అందరూ సూర్యోదయం చూడ్డానికి వెళ్తారు. పిల్ల చలికి ఆగదని అత్తయ్య ఒప్పుకోలేదు. దాంతో మేం వెళ్ళేసరికి చూసినవాళ్ళంతా కిందికి దిగుతున్నారు. బాగ్యో అన్నయ్య కారు నడిపాడు. ఆయన రోజుకి ఆరు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు "అలాగే". అత్తయ్య ముందు సీట్లో రెండు లుంగీలు కప్పుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుంది. ఉడకబెట్టిన గుడ్లు, అరిటాకులో చుట్టిన అన్నం, ఫ్లాస్కు, కాగితం. కాగితం ఉందని నాకెలా తెలుసంటే, ప్రతి మలుపులోనూ సంచి తడుముకుంది.

సుకాపురా దాటాక గెందిస్ వాంతి చేసుకుంది. నా జాకెట్ మీద. వదిన తన బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది, తడిగుడ్డ తీసింది, నీలగిరి తైలం తీసింది, పొడి చొక్కా తీసింది. ఒక్కొక్కటీ తీస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నా దగ్గర బాయు సీసా, ఫోన్, పాత టిష్యూ కాగితం ఒకటి. అంతే.

"అలవాటే దీనికి" అంది వదిన. "ముందు సీటులో కూర్చోబెడితే చేసుకోదు."

నాకు చెప్పొద్దా ఆ మాట ముందే? లేక నాకు తెలిసుండాలా?

కొండమీది ఊళ్ళో కారాపి జీపెక్కాం. ఇసుక మైదానంలో దిగగానే గాలి. నోట్లో, కళ్ళలో, బాయు చెవుల్లో ఇసుక. గెందిస్ గుర్రం చూసి ఆగిపోయింది.

"గుర్రమెక్కుతా."

"వద్దు బంగారం, పడిపోతావు" అంది వదిన.

"ఎక్కనివ్వండి వదినా, పిల్ల సరదా" అన్నాను. సరదా నాది. ఒక్కసారి నేను అవునన్నది అవునవ్వాలని.

గుర్రపతను దాన్ని ఎక్కించాడు. పదడుగులు. పదకొండో అడుగులో కొండలన్నీ దద్దరిల్లేలా కేకేసింది. "బుదే! బుదే!" మేనత్తని మా పిల్లలు అలాగే పిలుస్తారు, పెద్దమ్మ అన్నట్టు. వదిన ఇసుకలో పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను, వెనక.

గుర్రపతను డబ్బు తీసుకుంటూ, "ఇద్దరిలో తల్లెవరమ్మా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు పాపం.

మెట్ల దగ్గర అత్తయ్య టీ కొట్టులో చతికిలబడింది. "రెండొందల యాభై మెట్లు నా మోకాళ్ళతో కాదు. బాయుని నాకిచ్చి మీరెళ్ళండి" అంది. బాగ్యో అన్నయ్య కూడా ఉండిపోయాడు. దర్సోనో ముప్ఫై మెట్లు ఎక్కి, అందరం నవ్వుతున్నట్టు నాలుగు ఫొటోలు తీసి, బాయు ఏడుస్తున్నాడని కింద నుంచి వాళ్ళమ్మ పిలిస్తే దిగిపోయాడు. ఎంత తొందరగా దిగాడో! అలా మేం ముగ్గురం మిగిలాం.

గెందిస్ లెక్కపెడుతూ ఎక్కింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది, ఇరవై పదకొండు. సగం దాకా వచ్చి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"రా, ఎత్తుకుంటా" అన్నాను.

"రా బంగారం" అంది వదిన అదే క్షణంలో.

మా ఇద్దరి చేతులూ చూసింది. "నేనెవరి దగ్గరకీ రాను."

వెనక కాలేజీ పిల్లలు వరసగా ఆగిపోయారు. "అమ్మా, ఇక్కడే కాపురం పెడతారా?" అని ఒకడన్నాడు. గెందిస్ వాడికేసి గుర్రుగా చూసి, లేచి, చేతులూ కాళ్ళూ రెండూ ఆనించి పాకుతూ పై దాకా ఎక్కింది. వెనక మేం ఇద్దరం, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా.

పైన నడుమెత్తు కట్ట. దాని అవతల బిలం. దాని అడుగునుంచి తెల్లటి పొగ, దూరంగా నది పొర్లుతున్నట్టు చప్పుడు. కుళ్ళిన గుడ్ల వాసన. గెందిస్ ముక్కు మూసుకుంది.

"నాన్నమ్మ కిందే ఉంది కదా. మరి ఎవరు వదిలారు?"

వదిన పకపకా నవ్వింది. నాకూ ఆగలేదు. నాలుగు నెలల్లో మేమిద్దరం ఒకే మాటకి నిజంగా నవ్వడం అదే. అక్కడితో ఆగి దిగిపోయి ఉంటే బాగుండేది.

"నిప్పేది?" అంది గెందిస్.

"లోపలుంది."

"కనిపించట్లేదే. పొగేనా? దీనికోసమా ఇన్ని మెట్లెక్కించారు?" గడ్డం వణికింది. అది చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. వదిన గబగబా ఒక పూలకట్ట కొనిచ్చింది, ఏదైనా కోరుకుని లోపలికి విసరమంది. గెందిస్ కళ్ళు మూసుకుని విసిరింది. గాలికి అది అంచు దాటి కాస్త దూరంలోనే పడింది.

"ఏం కోరుకున్నావు?" అన్నాను.

"చెప్పకూడదు." అని, నా వైపు కాకుండా వదిన వైపు వంగి చెవిలో చెప్పింది.

అప్పుడు నేను ఆగలేకపోయాను. రాసుకున్న మాటల్లో పొట్టిదే వచ్చింది. "నా పిల్లని నాకివ్వండి."

"ఇక్కడ కాదు నింగ్."

"ఇంకెక్కడ? కింద కాగితం తెచ్చుకుని కూర్చున్నారుగా మీ అమ్మగారు. జడలు మీరే వేస్తారు, బడిలో మీరే చేర్పిస్తారు. ఒంట్లో బాగోలేని మనిషి దగ్గర పిల్లని లాక్కోవడం సిగ్గుగా లేదా?"

వదిన మొహం పాలిపోయింది. ఏదో అనబోయింది. అంతలో గాలి తిరిగింది. పొగంతా ఒక్కసారిగా మా మీదికి వచ్చింది. కళ్ళు మంటలు, గొంతులో మిరపకాయలు. జనం దగ్గుతూ మెట్లవైపు తోసుకున్నారు. వదినకి ఉబ్బసం. కట్టకి ఆనుకుని ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. పిల్లకి కావలసినవన్నీ మోసుకొచ్చిన మనిషి తన మందు కింద సంచిలో మర్చిపోయింది. గెందిస్‌ని రెండు చేతులతో నా మీదికి తోసింది.

"తీసుకెళ్ళు. ముందు పిల్లని తీసుకెళ్ళు."

ఎత్తుకుని దిగాను. దిగుతుంటే నాకు సంతోషం వేసింది. ఆవిడ అక్కడ ఊపిరాడక ఉంటే, నా మెడచుట్టూ నా కూతురి చేతులున్నాయని సంతోషం. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

నలభై మెట్లు దిగేసరికి గెందిస్ నా భుజం కొరికింది. రక్తం వచ్చేలా.

"బుదేని వదిలేశావు! వెనక్కి పద!"

"బుదే వస్తుంది."

"రాదు! ఊపిరాడట్లేదు దానికి! నువ్వు చెడ్డదానివి!"

వెనక్కి ఎక్కాను. ఎదురొచ్చేవాళ్ళంతా తిడుతున్నారు. అప్పటికి గాలి మళ్ళింది. వదిన పై మెట్టు మీద కూర్చుని ఉంది, తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. గెందిస్ వెళ్ళి ఆవిడ వీపు మీద చేత్తో రుద్దింది, పెద్దవాళ్ళలాగా. చాలాసేపటికి ఈల తగ్గింది.

"నేను లాక్కోలేదు నింగ్" అంది. "నీ మెసేజ్ ఇంకా ఉంది ఫోన్‌లో. చదవనా?"

"వద్దు."

చదవలేదు. అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. ఈ నోటుబుక్కులో రాయకుండా దాటేస్తున్నది అదే. మార్చి రెండో తారీకు, మధ్యాహ్నం:

"వదినా, గెందిస్‌ని మీరే ఉంచేసుకోండి. బాయు ఏడుస్తుంటే ఇది మాట్లాడిందని అన్నం గిన్నె విసిరాను. మొన్న కొట్టాను, ఇవాళ కూడా. చెంప మీద వేళ్ళు తేలాయి. దాన్ని చూస్తేనే కోపం వస్తోంది. రేపు ఇంకేం చేస్తానో తెలీదు. వచ్చి తీసుకెళ్ళండి. తర్వాత నేనడిగినా ఇవ్వకండి. కాళ్ళు పట్టుకుని అడిగినా ఇవ్వకండి."

వాళ్ళు తీసుకెళ్ళలేదు. నేను ఇచ్చాను.

"నేనడిగినా ఇవ్వకండి అన్నావు" అంది వదిన. "ఇప్పుడు అడుగుతున్నావు. ఏ నింగ్రుమ్ మాట వినాలి నేను? నాకెలా తెలియాలి? రోజూ నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నీ గొంతే వింటాను, ఏమైనా తేడా తెలుస్తుందేమోనని."

నేను నా జాకెట్ మీద ఎండిన మరక గోకుతున్నాను.

"నేనేం దేవతని కాను" అంది మళ్ళీ. "ఏప్రిల్ నెల తర్వాత నువ్వు బాగుపడకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఆ యూనిఫాం అందుకే కొన్నాను. తిట్టుకో."

గెందిస్ మా ఇద్దరి మధ్య మెట్టు మీద కూర్చుని బూడిదలో వేలితో గీతలు గీస్తోంది. తల ఎత్తకుండా అంది, "అమ్మ గిన్నె విసిరింది. నీలం గిన్నె."

నాకు గిన్నె రంగు గుర్తు లేదు.

"అవును. విసిరాను" అన్నాను. "కొట్టాను కూడా. నీ తప్పేం లేదు. తప్పు నాది."

"తమ్ముణ్ణి కొడుతున్నావా?"

"లేదు."

"మరి నన్నే ఎందుకు?"

నేను "తెలీదు" అన్నాను. "ఒంట్లో జబ్బు చేసింది. కానీ అది జవాబు కాదు." అది నా మొహం చూసి, "ఆకలేస్తోంది" అంది.

కిందికి దిగాం. నేను వదిన మోచెయ్యి పట్టుకున్నాను, గెందిస్ ఒక్కతే ముందు నడిచింది, మెట్లు వెనక నుంచి లెక్కపెట్టడం రాక మళ్ళీ ఒకటి నుంచే మొదలెట్టి.

టీ కొట్టులో అత్తయ్య గుడ్లు తీసి, వాటి పక్కనే కాగితం పరిచింది. "వచ్చారా? తిని సంతకం పెట్టేసెయ్యి. మంచిరోజు ఇవాళ."

అప్పుడు చెప్పేశాను. గిన్నె, చెంప, మెసేజ్, అన్నీ. టీ కొట్టతను కూడా విన్నాడు. చెప్తున్నంతసేపూ దర్సోనో టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

అత్తయ్య చేతిలో సగం ఒలిచిన గుడ్డు. "నీకు తెలుసా?" అంది కొడుకుతో.

"తెలుసమ్మా."

"తెలిసి నోరు మూసుకు కూర్చున్నావా?"

"చూద్దామని…"

"ఏం చూద్దామనిరా? పిల్ల పెళ్ళి చూద్దామనా?" గుడ్డు కొడుకు మీదికి విసురుతుందేమో అనుకున్నాను. విసరలేదు. నా వైపు తిరిగింది. "నాకు చెప్పొద్దటే? బిడ్డ పుడితే మొదటిదాన్ని వదిలించుకుంది, ఏం మనిషో అనుకున్నాను నిన్ను. నాలుగు నెలలుగా నమాజులో కూడా నిన్ను తిట్టుకుంటున్నాను. ఆ పాపం ఎవరు మోస్తారు ఇప్పుడు?"

ఎవరూ నవ్వలేదు. తర్వాత అన్నయ్య కొంచెం నవ్వాడు.

వదిన కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో వేసుకుంది. "ఇవాళ వద్దమ్మా" అంది. "రేపు కూడా వద్దు."

"మరి పిల్ల?" అన్నాను.

"నాకు తెలీదు నింగ్. అడక్కు ఇప్పుడు."

అంతే. గెందిస్ వాళ్ళతో ప్రొబొలింగో వెళ్ళింది. కారు అద్దంలోంచి చెయ్యూపమంటే ఊపింది. మేం బాయుతో బస్సెక్కాం. నేనడిగినా ఇవ్వలేదు.

జూలై 8

భుజం మీద పళ్ళ గాటు వాచింది. దర్సోనో మందు రాస్తానన్నాడు. "నీకు మెసేజ్ సంగతి తెలిసీ నాతో ఒక్కసారైనా ఎందుకు మాట్లాడలేదు?" అని అడిగాను.

"మాట్లాడితే నువ్వు ఏడుస్తావని."

"ఏడిస్తే ఏమవుతుంది?"

"నాకేం చెయ్యాలో తెలీదు" అన్నాడు. పెళ్ళయి ఏడేళ్ళకి ఒక నిజం చెప్పాడు. మందు రాయించుకున్నాను.

జూలై 9

విజియమ్మ దగ్గరకి వెళ్ళి ఈసారి అంతా చెప్పాను. ఇంతకుముందు "నిద్ర పట్టడం లేదు" అని మాత్రమే చెప్పాను. ఊళ్ళో పెద్దాసుపత్రిలో డాక్టరు దగ్గరకి చీటీ రాసిచ్చింది. కొట్టాను అన్న మాటకి మొహం చిట్లించలేదు. చిట్లించి ఉంటే తేలికగా ఉండేది.

జూలై 10

ఫోన్ చెయ్యలేదు. వాళ్ళూ చెయ్యలేదు. 

జూలై 11

డాక్టరు. మాత్రలు. తల బరువుగా ఉంది. ఫోన్ చెయ్యలేదు.

జూలై 12, శుక్రవారం

మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే గేటు చప్పుడు. వదిన. పక్కన గెందిస్, వీపున బ్యాగు. బస్సులో వచ్చారట. ముందు సీటులో కూర్చున్నారు, వాంతి కాలేదట.

"మూడు రోజులుంటాను" అంది వదిన. ఎందుకో చెప్పలేదు. నాకు తెలుసు. చూడ్డానికి వచ్చింది, నన్ను.

జూలై 14

మూడు రోజులూ పరీక్ష హాల్లో ఉన్నట్టుంది. నేను గెందిస్‌కి స్నానం చేయిస్తే వదిన గుమ్మంలో ఉల్లిపాయలు కోస్తూ కూర్చుంటుంది. అన్నం పెడుతుంటే బాయుని ఆడిస్తూ ఇటే చూస్తుంది. నిన్న సాయంత్రం మండిపోయి అన్నాను, "మార్కులెన్ని వేశారు వదినా?"

"వెయ్యట్లేదు. నేర్చుకుంటున్నాను, ఇది లేకుండా ఎలా ఉండాలో" అంది. ఉల్లిపాయ ఘాటు అనుకోవడానికి అప్పుడు చేతిలో ఉల్లిపాయ కూడా లేదు.

వెళ్ళేముందు చెప్పింది: సోయాగింజల తెంపే ముక్కలు కరకరలాడేలా వేపితేనే తింటుంది. రాత్రి దగ్గితే పాదాలకి నూనె. అబద్ధం చెప్పేటప్పుడు చెవి పట్టుకుంటుంది. జడ బిగుతుగా వెయ్యకూడదు. ఇంకా చాలా. రాసుకోబోతే, "రాసుకోకు. మర్చిపోతే నాకు ఫోన్ చేసి అడుగు" అంది.

బస్సు కదిలాక గెందిస్ రోడ్డు మీద పడి ఏడ్చింది. ఎత్తుకుందామంటే కాళ్ళతో తన్నింది. రోడ్డు పక్కనే దాని పక్కన కూర్చున్నాను. మాంసం ఉండల బండివాడు వచ్చి, చూసి, గంట కొట్టకుండా వెళ్ళిపోయాడు.

జూలై 17

ఇక్కడి బడిలో చేర్పించాం. రెండు రోజులు ఆలస్యం. నాతో మాట్లాడుతోంది, కానీ పనికి సంబంధించినంతవరకే. "నీళ్ళు." "చెప్పు తెగింది." "బుదే ఎప్పుడొస్తుంది?"

జూలై 20

రాత్రి దగ్గింది. పాదాలకి నూనె రాశాను. నిద్రలో కాలు వెనక్కి లాక్కుంది, తర్వాత ఇచ్చింది.

జూలై 24, బుధవారం

ఇవాళ బడికి సెలవు. బాయు పొద్దున్నుంచి ఒకటే ఏడుపు. రెండు గంటలు భుజాన వేసుకుని తిరిగి, పదకొండింటికి పడుకోబెట్టాను. గెందిస్ వచ్చి వాడి చెవి దగ్గర ఈల ఊదింది. వాడు లేచి కేకలు. నేను వాణ్ణి ఎత్తుకుని వచ్చేలోపు, అది వంటింట్లో తాగే నీళ్ళ కుండీలో సబ్బుపొడి పొట్లం మొత్తం పోసింది. నురగ పొంగి పొయ్యి మీదికి వస్తోంది. అది చప్పట్లు కొడుతోంది.

వచ్చింది. అదే. అరికాళ్ళ నుంచి. చెవుల్లో హోరు, చెయ్యి తనంతట తనే లేచింది. గెందిస్ చప్పట్లు ఆపేసి తల భుజాల్లోకి ముడుచుకుంది. దెబ్బ ఎలా తినాలో తెలిసిన పిల్లలాగా. అది చూశాను.

చెయ్యి గోడకి ఆనించాను. అలాగే ఉంచి, రెండో చేత్తో ఫోన్ చేశాను.

"వదినా, కోపం వచ్చింది."

అటు టీవీ ఆపేసిన చప్పుడు. "కొట్టావా?"

"లేదు. చెయ్యెత్తాను."

"ఇప్పుడెక్కడుంది చెయ్యి?"

"గోడ మీద."

"సరే. బాయుని చాప మీద పడుకోబెట్టు. ఏడవనీ, ఏం కాదు. ఫోన్ దానికిచ్చి నువ్వెళ్ళి మొహం కడుక్కో. పో."

స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. చెంబుతో నీళ్ళు తల మీదే పోసుకున్నాను, బట్టలతో. బయట గెందిస్ గొంతు.

"అమ్మ లోపలుంది… లేదు, కొట్టలేదు… ఏమో, నీళ్ళ చప్పుడు వస్తోంది… సబ్బు. అంతా కాదు, కొంచెమే." ఇది చెప్పేటప్పుడు చెవి పట్టుకునే ఉంటుంది.

తర్వాత తలుపు మీద తట్టింది.

"అమ్మా, బుదే అడుగుతోంది. అయిపోయిందా అని."

"ఏది?"

బయట కాసేపు గుసగుసలు.

"కోపం."

అయిపోయిందని చెప్దామనుకున్నాను. "ఇంకొంచెం ఉంది" అన్నాను.

"ఇంకొంచెం ఉందంట" అని ఫోన్‌లో చెప్పింది. పారిపోతుందనుకున్నాను. పోలేదు. తలుపుకి ఆనుకుని కింద కూర్చున్న చప్పుడైంది. బాయు ఏడుపు తగ్గింది, వాణ్ణి ఏదో చేసి నవ్విస్తోంది, ఫోన్‌లో వదిన కూడా ఏదో పాడుతోంది. తలుపు కింద సందులోంచి గెందిస్ కాలివేళ్ళు రెండు లోపలికి వచ్చి ఉన్నాయి, నురగతో తెల్లగా.

కాసేపటికి గడియ తీశాను.